మా ఇంటి ముక్కు

1996 ఆగస్టు 19

ఈ డైరీని రంగుల కంపెనీ ఏజెంటు జనవరిలో ఇచ్చాడు. ఇన్నాళ్ళూ అలమేలు దీని మీద వేడి గిన్నెలు దించుతూ వచ్చింది, అట్ట నిండా గుండ్రటి మచ్చలు. డైరీలు రాసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. చెప్పుకోవడానికి మనుషులు లేనివాళ్ళు రాసుకుంటారని మా నాయన అనేవాడు. నాకు మనుషులున్నారు. చెప్పే వీలు లేదు, అంతే.

జలుబు పోయింది. పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది.

పొద్దున కాఫీ ఒట్టి వేడినీళ్ళలా ఉంది. డికాక్షన్ పలచబడిందని అలమేలును కసురుకున్నాను. ఆమె తన గ్లాసు వాసన చూసింది, నా గ్లాసు వాసన చూసింది, తర్వాత నన్ను చూసింది. బాగానే ఉందిలే అని గటగటా తాగేశాను.

రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఆగస్టు 21

సర్దుకోలేదు.

ఆగస్టు 22

ఇంకొకడికి ముక్కు పనిచేయకపోతే ఇంట్లో నవ్వుకుని ఊరుకుంటారు. కామేశం చెట్టికి, అంటే నాకు, పనిచేయకపోతే కొట్టు మూసుకోవాలి.

మా సరుకు మద్రాసు రుమాలు. రుమాలంటే జేబులో పెట్టుకునేది కాదు, ఎనిమిది గజాల గళ్ళ గుడ్డ. ఆరంబాకంలో మునిస్వామి నూలుకు రంగు వేసి నేయిస్తాడు, మేము బేళ్ళు కట్టి నైజీరియా పంపుతాం. ఈ ఊళ్ళో ఒక్కరూ దాన్ని ఒంటి మీద వేసుకోరు. అక్కడ నదుల మధ్య ఉండే జనం పుట్టిన బిడ్డను దాంట్లో చుడతారు, పోయిన మనిషి మంచానికి దాన్నే పరుస్తారు. ముత్తాతకు ముందునుంచీ నడుస్తున్న బేరం ఇది. వాళ్ళు గుడ్డను కళ్ళతో కొనరు. ముక్కుకు పెట్టుకుంటారు, నాలుక కొసకు తగిలిస్తారు. మద్రాసు వాసన ఉంటేనే మద్రాసు గుడ్డ, లేకపోతే ఎంత నాణ్యమైన నేత అయినా వెనక్కి కొడతారు.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బేలు కుట్టే ముందు ఇంటి పెద్ద ఒక రుమాలు పైకి తీసి, వాసన చూసి, నాలుకకు తగిలించి, ‘సరే’ అనాలి. ఆ మాట పడ్డాకే దబ్బనం గోనెలో దిగుతుంది. తాత అన్నాడు, నాయన అన్నాడు, నాయన పోయాక నేను అంటున్నాను. మునిస్వామి నీలిమందు, పసుపు, గంజి, నువ్వుల నూనె కలుపుతాడు కానీ అసలు పనితనం మా ముక్కుదేనని నాయన నమ్మకం. నా నమ్మకమూ అదే.

మాకు పిల్లలు లేరు. నా తర్వాత తమ్ముడి కొడుకు నరేన్ సరే అనాలి. వాడు బిజినెస్ చదువు చదివి వచ్చాడు. ఆఫ్రికాను వదిలేసి జర్మనీకి దుప్పట్లు పంపుదామని ఏడాదిగా నా వెంట పడుతున్నాడు. నా ముక్కు సంగతి తెలిస్తే అదే రోజు రుమాళ్ళకు నీళ్ళు వదిలేస్తాడు.

ఎవరికీ చెప్పను. భయంగా ఉంది.

ఆగస్టు 25

సాయంత్రం పూజగదిలోకి అడుగుపెట్టగానే సాంబ్రాణి వాసన గుప్పున వచ్చింది! కళ్ళు చెమర్చాయి. అలమేలును పిలిచి ఇవాళ సాంబ్రాణి చాలా బాగుంది అన్నాను. ఇవాళ వెయ్యనే లేదే అంది.

నిన్నటిది మిగిలి ఉంటుంది. సాంబ్రాణి వాసన అంత తేలిగ్గా పోదు.

సెప్టెంబరు 1

గోడౌన్ మార్చాం. ప్యారీస్ బజారు వెనక సందులో ఉన్న పాతదాన్ని ఖాళీ చేసి మాధవరంలో పాల కాలనీ దాటాక కట్టిన కొత్తదానికి సరుకంతా లారీల్లో తోలాం. సిమెంటు నేల, ఇనుప తలుపు, గోడకు ఫ్యాన్లు. అంతా నరేన్ ఏర్పాటు.

నాకు ఒకందుకు సంతోషం. పాత గోడౌన్‌కు ఆనుకుని కాటయ్య ఇంగువ గోడౌన్ ఉంది. రెంటికీ ఒకటే గోడ. ఆ ఇంగువ ఎక్కడో కాబూల్‌లో పుట్టి బొంబాయి మీదుగా మా గోడ పక్కకు వచ్చి కంపు కొట్టేది. తాత కాలంలో తిట్లు, నాయన కాలంలో కోర్టు. మా సరుకు చెడిపోతోందని నాయన వేసిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది. లారీ కదులుతుంటే కాటయ్య బయటికి వచ్చి నిలబడ్డాడు. పోతే పోండి, మా ఇంగువకి మీ నీలిమందు కంపు వదిలింది అని అందరికీ వినపడేట్టు అన్నాడు. నేను ముక్కు మూసుకుని కారెక్కాను. మూసుకోకపోయినా ఒకటే, కానీ కాటయ్యకు తెలియకూడదు కదా.

సెప్టెంబరు 6

మౌంట్ రోడ్డు హోటల్లో మీటింగు. నరేన్ బలవంతాన తీసుకుపోయాడు. గ్లోబలైజేషన్ గురించి ఒక పెద్దమనిషి గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. తలుపులు తెరుచుకున్నాయట, మన వ్యాపారులు బావిలోంచి బయటపడి ప్రపంచంలోకి అడుగు పెట్టాలట. సముద్రం దాటి సరుకు పంపినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఏ దేశానికి అన్నాడు. ఆఫ్రికా అన్నాను. ఎప్పటినుంచి అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదండీ, అంతకు ముందునుంచే అన్నాను.

ఆయన నవ్వాడు. అది పాత సంబంధం, తాను చెప్పేది ప్రపంచ మార్కెట్ గురించి అన్నాడు. ఆఫ్రికా ప్రపంచంలో లేదా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. నరేన్ నా మోకాలు నొక్కాడు.

నాయన చెప్పేవాడు, మా రుమాళ్ళు ఒకప్పుడు తెల్లవాళ్ళ ఓడల్లో ముందు లండన్ పోయేవట, ఆడ వేలం వేసి మళ్ళీ ఆఫ్రికా తోలేవాళ్ళట. కట్టేది వాళ్ళు కాదు, నేసేది వాళ్ళు కాదు. మధ్యలో వచ్చారు, మధ్యలో పోయారు. మేము ఇటు, నైజీరియా వాళ్ళు అటు అలాగే ఉన్నాం. ఇప్పుడు నన్ను ప్రపంచంలోకి రమ్మంటున్నాడు ఈ మనిషి.

భోజనం బాగుందని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

సెప్టెంబరు 12

నైజీరియా నుంచి ఫ్యాక్సు. మేడమ్ డాగోగో పంపింది. మిగతా బేరగాళ్ళంతా ఒక్కొక్కరే చౌక మిషన్ గుడ్డకు మళ్ళారు, మాకు మిగిలింది ఈమె ఒక్కతే. మేము ఒకరినొకరం చూసుకోలేదు. మా నాయన, వాళ్ళమ్మ కూడా చూసుకోలేదు. వాళ్ళమ్మ పోయిందట. వాళ్ళలో పెద్దవాళ్ళు పోతే నెలల తరబడి దాచి, అన్నీ సమకూరాకే అంతిమ మర్యాద చేస్తారట. మంచానికి కట్టడానికి రుమాళ్ళు కావాలి. తాను ముక్కుతో చూసుకుని తీసుకోవడానికి నవంబరులో స్వయంగా వస్తుందట. మీది సరిగ్గా లేకపోతే అమ్మను మిషన్ గుడ్డలో పంపుతానే గాని ఇక మీ ఇంటి గడప తొక్కను అని రాసింది. మంచి మనిషిలా ఉంది.

నవంబరుకు నా ముక్కు ఎలాగూ వచ్చేస్తుంది.

సెప్టెంబరు 14

పురసవాక్కంలో ముక్కు డాక్టరు దగ్గరికి పోయాను. తెలిసినవాళ్ళు చూస్తారని మొదట పక్కనున్న చీరల షాపులోకి దూరి, వెనక తలుపు గుండా బయటపడి మేడ ఎక్కాను. ఆయన టార్చి వేసి చూశాడు. జలుబు తర్వాత కొందరికి ఇలా పోతుంది, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు.

రావచ్చు అన్నాడు.

సెప్టెంబరు 20

ఇవాళ మనలి పోయాను. రిఫైనరీ దగ్గర బస్సు దిగి, గోడ పక్కన నిలబడి, నోరు మూసి గట్టిగా పీల్చాను. అంతటి కంపే పట్టకపోతే ఇంకేం పడుతుంది? దిగినవాళ్ళందరూ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని పరుగెడుతున్నారు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అరగంటయ్యాక వాచ్‌మాన్ వచ్చి తమిళంలో, అయ్యా, ఇంట్లో ఏమైనా కష్టమా అని అడిగాడు. గాలి కోసం వచ్చానన్నాను. నా చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, నా మీద ఒక కన్నేసి ఉంచమని కండక్టరుకు చెప్పాడు.

దగ్గు వచ్చింది. దగ్గు వచ్చిందంటే లోపల ఏదో పనిచేస్తున్నట్టే.

సెప్టెంబరు 27

ఉపాయం తోచింది. లెక్కలు రాసే నాగప్పన్‌ను పక్కన పెట్టుకున్నాను. ఒక రుమాలు నేను వాసన చూసి, కళ్ళు సగం మూసి, నీకేమనిపిస్తోందో చెప్పు చూద్దాం అని వాడి చేతికిచ్చాను, వాడికి నేర్పుతున్నట్టు. వాడు పీల్చాడు. నా ముఖం చూశాడు. మళ్ళీ పీల్చాడు.

“మొదలాళీ, మీకు ఎట్లా అనిపిస్తే నాకూ అట్లానే అనిపిస్తా ఉండాది” అన్నాడు.

వాడు నా ముఖం చూస్తున్నాడు, నేను వాడి ముఖం చూస్తున్నాను. కాసేపటికి ఇద్దరం సరే అన్నాం.

అక్టోబరు 3

నాగప్పన్ నడక మారింది. పొద్దున వస్తూనే రంగు డ్రమ్ములు, స్టాంపు ప్యాడు, ఆఫీసు టీ అన్నీ వాసన చూసి తల ఊపుతున్నాడు. నా తర్వాత మా ఇంటి ముక్కు తనేనని అనుకుంటున్నాడట. పెళ్ళాంతో కూడా చెప్పుకున్నాడట.

అక్టోబరు 8

మునిస్వామి సరుకు వచ్చింది. మాధవరంలో మేడమ్ బేళ్ళన్నిటికీ సరే చెప్పేశాను. గళ్ళు పొందికగా పడ్డాయి, అంచులు తిన్నగా ఉన్నాయి. ఇంత బాగా నేసిన గుడ్డకు వాసన లేకుండా ఎక్కడికి పోతుంది?

బేళ్ళ మధ్య చిన్న చిన్న తెల్ల సంచులు వేలాడదీసి ఉన్నాయి. ఏమిట్రా అంటే పురుగు పట్టకుండా అన్నాడు నరేన్. కుర్రాడు శ్రద్ధగానే ఉన్నాడు. తొందరపడి అనుమానించాను.

ఇంకో సంగతి. ఈ ఊరిపేరు మార్చేశారు కదా, స్టాంపు మీద రియల్ మద్రాస్ తీసేసి రియల్ చెన్నై అని కొట్టిద్దాం అన్నాడు. తెలుగువాళ్ళం తరతరాలుగా చెన్నపట్నం అనే అంటున్నాం, నాకు అభ్యంతరం లేదు. కానీ నైజీరియాలో ఎవరికి తెలుసు? స్టాంపును ముట్టుకోవద్దన్నాను. పాతకాలం మనిషివి పెదనాయనా అన్నాడు.

అక్టోబరు 13

అలమేలు నాతో మాట్లాడడం తగ్గించింది. నా చొక్కాలు వేరే బకెట్లో నానబెడుతోంది. నేను ఇంట్లోకి రాగానే పక్కకు తప్పుకుని గాలి పీల్చి, ఏమీ అనకుండా లోపలికి పోతోంది.

ముక్కు సంగతి పసిగట్టిందేమో.

అక్టోబరు 19

నిన్న సాయంత్రం ఆమె తమ్ముడు రామసామి వచ్చాడు. కబురు పెడితే గాని రాని మనిషి. ఎదురుగా కూర్చుని చాలాసేపు మురుకులు నమిలాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, బావా, ఈ వయసులో ఇదేంది అన్నాడు. ముక్కు సంగతే అనుకున్నాను. వయసు మీద పడితే ఎవరికైనా వస్తుంది రామసామీ, నా చేతిలో ఏముంది అన్నాను. వాడు నోరు తెరిచి నా వంక చూశాడు. అక్కయ్యకు చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తావు అన్నాడు. నవంబరు దాటితే అంతా సర్దుకుంటుంది, అప్పటిదాకా ఓపిక పట్టమను అన్నాను.

వాడు మిగిలిన మురుకులు ముట్టుకోకుండా లేచిపోయాడు. ఒకందుకు తేలికపడ్డాను. ఇంట్లోవాళ్ళకు తెలిసిందన్నమాట, తెలిసీ నా పరువు కాపాడుతున్నారు. ఎంతైనా అలమేలు గొప్ప ఇల్లాలు.

అక్టోబరు 22

గొప్ప ఇల్లాలు రాత్రి నాకు పెరుగు వెయ్యలేదు.

నవంబరు 14

మేడమ్ డాగోగో వచ్చింది. అరవై దాటిన మనిషి, ఎత్తు, నల్లటి నలుపు, తలకు ఎర్రటి గుడ్డ చుట్టింది. ఎగ్మోర్‌లో ఒక హోటల్లో దిగింది.

ఏం రాయాలి? అయినా రాస్తాను.

మాధవరం గోడౌన్‌లో బేలు విప్పించాను. పద్ధతి ప్రకారం ఒక రుమాలు తీసి, ముక్కుకు పెట్టుకుని, నాలుకకు తగిలించి, కళ్ళు మూసుకుని సరే అన్నాను. బాగా అన్నాను, నాయన అన్నట్టే అన్నాను. పక్కన నాగప్పన్ కూడా అన్నాడు. ఆమె రుమాలు అందుకుని ముఖం అందులో దాచుకుంది. మెల్లగా తల ఎత్తింది. నాలుకకు తగిలించి పక్కకు ఉమ్మింది. ఇది సబ్బు అంది. ఇంకో బేలు, ఇంకో బేలు, అన్నీ చూసింది. చివరికి ఆ గుడ్డను మడిచి నా చేతుల్లో పెట్టింది.

మద్రాసులో వాసన చూసే మనిషి ఒకడున్నాడని మా అమ్మ చెప్పేది, ఆయన సరే అంటే నేను వేరే చూడక్కర్లేదనేది, ఆయన పోయాడా అని అడిగింది.

ఉన్నాను అని చెప్పలేకపోయాను.

ఎల్లుండి రాత్రి విమానం ఆమెకు. నరేన్ ముఖంలో దిగులు కూడా లేదు. అయిపోయింది పెదనాయనా, ఇక దుప్పట్లు అన్నాడు. ముత్తాతల నాటి బేరం నా చేతుల్లో పోతోంది. ఏడవడానికి కూడా ఇంట్లో చోటు లేదు.

నవంబరు 15

ఒక్కసారి బతిమాలి చూద్దామని బయల్దేరాను. ఎక్కడికంది అలమేలు. ఎగ్మోర్ హోటల్లో ఒక మేడమ్ ఉంది, ఆమెను చూడకపోతే నా బతుకు తెల్లారినట్టే అన్నాను. నిజమే చెప్పాను. అలమేలు గడప మీద కూలబడింది. తర్వాత లేచి, కొంగు బిగించింది.

“మీరు ఆడికి పోనక్కర్లేదు. ఆమెనే ఈడికి పిలవండి. రేపు మధ్యాన్నం అన్నానికి. నేనూ చూడాల గదా.”

ఇలాంటి భార్య ఎవరికి దొరుకుతుంది?

నవంబరు 16

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడమ్ వచ్చి హాల్లో కూర్చుంది. అలమేలు వంటింటి గుమ్మంలో నిలబడి ఆమెను తలనుంచి పాదాలదాకా చూసింది. కాస్త అయోమయంగా కనిపించింది. అప్పటికే రామసామి కూడా వచ్చి మూలన కుర్చీలో పంచాయతీ పెద్దలా కూర్చున్నాడు. నేను మేడమ్‌తో ఇంకో నెల గడువు ఇవ్వమని ఇంగ్లీషులో వేడుకుంటున్నాను. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. లోపల అలమేలు సాంబారులో పోపు వేసింది. నాకు చప్పుడు మాత్రమే వినిపించింది.

మేడమ్ మాట మధ్యలో ఆగిపోయింది. లేచి తిన్నగా వంటింట్లోకి పోయింది. అలమేలు గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది, ఆ గరిటె ఎందుకు అంత పైకి ఎత్తి పట్టుకుందో అప్పుడు నాకు తెలియదు. మేడమ్ ఆమెను చూడనే లేదు. పోపు గిన్నె మీదికి వంగి కళ్ళు మూసుకుంది. ఆ పొగలో అలాగే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది.

ఏమైందో అర్థం కాలేదు. ఆమె గూట్లో డబ్బాలు ఒక్కొక్కటీ తీసి మూత తెరిచి వాసన చూసింది. ఇంగువ డబ్బా దగ్గర ఆగి, దాన్ని గుండెకు హత్తుకుంది. మా అమ్మ పెట్టె ఇది అంది. వాళ్ళింట్లో రుమాళ్ళు దాచే పెట్టె తెరిస్తే వచ్చే వాసన, తాను పుట్టినప్పుడు చుట్టిన గుడ్డ వాసన ఇదేనట.

ఇంగువ! కాటయ్య ఇంగువ! తాత తిట్టిన ఇంగువ, నాయన కోర్టుకు ఈడ్చిన ఇంగువ. ఒకే గోడ పక్కన నానిన గుడ్డను మేము ఏళ్ళ తరబడి మద్రాసు వాసన అని పంపుతూ వచ్చాం. మా పనితనం, మా ముక్కు, అంతా కాబూల్ నుంచి వచ్చి పక్క గోడౌన్‌లో దిగిన సంచుల పుణ్యం.

మేడమ్ కళ్ళు తుడుచుకుని నన్ను అడిగింది. నువ్వు రోజూ ఈ ఇంట్లో తింటావు, వాసన చూసేవాడివి నువ్వే, నీ గుడ్డలో ఇది లేదని నీకు తెలియలేదా?

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆగస్టు నుంచి నాకు ముక్కు పనిచేయడం లేదు, ఏ వాసనా తెలియదు అన్నాను. ముందు తెలుగులో అన్నాను. తర్వాత ఆమె కోసం ఇంగ్లీషులో అన్నాను.

“ఏ వాసనా తెలీదా?” అంది అలమేలు.

“తెలీదు.”

“అయితే ఆ రోజా పూల వాసన?”

“ఏ రోజా పూలు?”

అలమేలు గరిటెతో సహా నేల మీద కూర్చుంది. రోజూ సాయంత్రం నేను గులాబీ అత్తరు పూసుకున్నట్టు కంపు కొడుతూ ఇంటికి వస్తున్నానట. తర్వాత నరేన్‌ను అడిగితే తెలిసింది, వాడు వేలాడదీసిన సంచుల్లో గులాబీ వాసన పొడి ఉందట! నేను పురసవాక్కంలో చీరల షాపులోకి పోయి ఒట్టి చేతులతో బయటికి రావడం కూడా ఎవరో చూసి చెప్పారట. నవంబరు దాటితే సర్దుకుంటుంది అని రామసామితో అన్న మాట విని మూడు రోజులు అన్నం ముట్టలేదట.

“రెణ్ణెల్లుగా నన్ను చంపేసినారు గదండీ” అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. సంగతేమిటని మేడమ్ అడిగింది, చెప్పాను, ఆమె కూడా పక్కన నేల మీద కూర్చుని ఒళ్ళంతా ఊగేట్టు నవ్వింది. రామసామి మాత్రం నవ్వలేదు. తాను బస్సు ఛార్జీ పెట్టుకుని రెండుసార్లు వచ్చానని అన్నాడు.

తర్వాత అందరం కూర్చుని తిన్నాం. మేడమ్ సాంబారు మూడోసారి పోయించుకుంటూ మామూలుగా ఒక మాట చెప్పింది. ఈ గుడ్డ మొదట మా నదుల్లోకి వచ్చినప్పుడు మా పెద్దవాళ్ళు దానికి బదులు మనుషుల్ని ఇచ్చేవాళ్ళు, అంది. ఒక్కొక్క బేలుకు ఇంతమందని మనుషులు బానిసలుగా ఓడెక్కి పోయారు. ఆ గుడ్డనే మేము పెట్టెల్లో దాచి, పుట్టినవాళ్ళకూ పోయినవాళ్ళకూ కప్పుతాం. మా అమ్మ చెప్పేది, వాసన చూసినప్పుడల్లా ఆ పోయినవాళ్ళను కూడా తలచుకోవాలని.

తన గుడ్డ అక్కడ దేనికి బదులుగా పోతోందో ముత్తాతకు తెలుసా? మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. బేలు కుట్టి, స్టాంపు కొట్టి, రేవుకు పంపడమే తెలుసు. నాకు సిగ్గేసింది. ఇంకొంచెం అన్నం పెట్టుకోండి అన్నాను. పెట్టుకుంది.

విమానం టిక్కెట్టు వాయిదా వేయించుకుంది. అమ్మ ఎలాగూ తొందరపడదు అంది.

నవంబరు 18

కాటయ్య దగ్గరికి పోయాను. మా ఇంటివాళ్ళలో ఆ గడప లోపలికి మొదట అడుగుపెట్టింది నేనేనేమో. విషయం చెప్పి, రుమాళ్ళు నీ ఇంగువ పక్కన కొన్నాళ్ళు ఉంచనీ, కేసు వెనక్కి తీసుకుంటాను అన్నాను. లక్ష తిట్లకు సిద్ధపడే పోయాను.

కాటయ్య తుండుతో కుర్చీ దులిపి నన్ను కూర్చోమన్నాడు. మనిషి చిక్కిపోయాడు.

“సామీ, మీరు ఖాళీ చేసినాక నా ఇంగువ ఎవురికీ పట్టలేదు. మదురై వాళ్ళు మూట్ల మూట్లు తిప్పి పంపేస్తా ఉండారు. పాత వాసన లేదంట, అదేందో నీలిమందు గాలి తగ్గిందంట” అన్నాడు.

ఇద్దరం ఆ గోడ వంక చూస్తూ కూర్చున్నాం. కాఫీ తెప్పించాడు. నాకు వేడినీళ్ళే. అయినా ఇంత మంచి కాఫీ ఈ మధ్య తాగలేదు.

నవంబరు 21

మునిస్వామి గుడ్డలన్నీ మళ్ళీ ఉతికించి, గులాబీ వదలగొట్టి, గంజి పెట్టి పంపాడు. ఇంకా ఖాళీగానే ఉన్న పాత గోడౌన్‌లో గోడకు ఆనించి పేర్చాం. మేడమ్, అలమేలు రోజూ పోయి కూర్చుంటున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఒక రుమాలు కొసలు చెరొకటి పట్టుకుని వాసన చూసి తల అడ్డంగా ఊపుతారు, ఇంకా పట్టలేదని. అలమేలుకు ఈ వాసన తెలియకుండా ఎలా ఉంటుంది, పెళ్ళైనప్పటినుంచీ నా చొక్కాలు ఉతికింది ఆమే కదా. ఈ ఇంట్లో ఇంతకాలం అసలు ముక్కు ఎవరిదో నాకు తట్టలేదు.

నాగప్పన్ అలిగి సెలవు పెట్టాడు.

డిసెంబరు 4

నరేన్ నమూనాగా పంపిన దుప్పట్లకు జర్మనీ నుంచి జవాబు వచ్చింది. గులాబీ వాసన పనికిరాదట, ఏ వాసనా ఉండకూడదట. సంస్థలో బాధ్యత గల ఒక వ్యక్తి స్వయంగా పరీక్షించి, ఏ వాసనా లేదని సంతకం చేసి పంపాలట.

నరేన్ కాగితం పట్టుకుని వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. వాడికి అన్నీ తెలిశాయి. గులాబీ సంచుల సంగతి చెప్పనందుకు తప్పైంది పెదనాయనా అన్నాడు. దుప్పట్లన్నీ వాసన చూశాను, ఒక్కొక్కటీ శ్రద్ధగా చూశాను. ఏ వాసనా లేదు. నా జీవితంలో ఇంత నిజాయితీగా ఏ సంతకమూ పెట్టలేదు.

డిసెంబరు 11

ఇవాళ మేడమ్‌కు పంపే బేళ్ళు కుట్టారు.

పద్ధతి మార్చేద్దామని నేనే అన్నాను. అలమేలు వాసన చూసి సరే అంటే చాలు, నాకు సిగ్గేమీ కాదు అన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. మద్రాసులో ఉన్న ఆ మనిషి సరే అన్నాడని నేను అమ్మ మంచం దగ్గర చెప్పాలి, కాబట్టి నువ్వే అనాలి అంది. స్టాంపు కూడా మద్రాస్ అనే ఉండాలంది. పేరు తెలియని ఊరి గుడ్డలో అమ్మ పోదట. నరేన్ పాత స్టాంపే తెచ్చి ఇచ్చాడు.

గోడకు అవతల కాటయ్య మనుషులు మూటలు దించుతున్నారు. నేను పై రుమాలు తీశాను. ముక్కుకు పెట్టుకున్నాను. ఏమీ లేదు. నూలు చల్లగా తగిలింది, అంతే. నాలుకకు తగిలించాను, గంజి గరుకు. నాయనను తలచుకున్నాను. ఈసారి ఆ ఓడలెక్కి పోయినవాళ్ళను కూడా తలచుకోవాలని చూశాను, ముఖాలు తెలియవు, అయినా తలచుకున్నాను.

తర్వాత ఆ గుడ్డ రెండో కొస అలమేలుకు ఇచ్చాను. ఆమె ముఖానికి పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఎప్పుడూ చూడని ఆ పెద్దావిడ కోసమో, రెండు నెలలు తాను పడ్డ బాధకో, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నా వంక చూసింది.

నేను ఆమె ముఖం చూసి, సరే అన్నాను.